ఉప్పుమెరక హైస్కూల్లో అల్లరి కరువు

మా ఉప్పుమెరక హైస్కూల్లో ఆమధ్య అల్లరికి కరువొచ్చింది. వానలు పడక కరువు రావడం, కాలవకు నీళ్ళు వదలక కరువు రావడం మీరూ చూసే ఉంటారు. పిల్లలున్న చోట అల్లరికి కరువు రావడం మాత్రం నా ఎరుకలో అదే మొదలు. అంతా దగ్గరుండి చూసినవాణ్ణి నేను. ఉన్నదాన్ని కాస్త పెంచి చెబుతానని ఊళ్ళో నాకో పేరుంది గానీ, ఈ విషయంలో పెంచడానికి ప్రభుత్వం వారు నాకేమీ మిగల్చలేదు.

మేం చదువుకునే రోజుల్లో తప్పు చేస్తే గోడకుర్చీ వేయించేవారు, లేదా తొడపాశం పెట్టేవారు. మా పంతులుగారు తొడపాశం పెడితే ఆ కేకకు కాలవ మధ్యలో జనాన్ని దాటిస్తున్న పంటు ఆగిపోయేది. పంటు నడిపేవాడు "ఇవాళ బడి ఉందన్నమాట" అనుకుని మళ్ళీ కదిలించేవాడు. ఆ రోజులు పోయాయి. పోవడమే మంచిది. నా తొడ ఇప్పటికీ వాన వచ్చే ముందు నొప్పి పెడుతుంది.

ఇప్పుడు ఆ దెబ్బలన్నిటికీ బదులుగా 'సఖ్యత' అనే పథకం వచ్చింది. దాని ఉత్తర్వును మా హెడ్మాస్టరు భాస్కరం గారు అసెంబ్లీలో చదివి వినిపించారు.

"ఇకమీదట పాఠశాలల్లో తప్పు అనే మాట వాడరాదు. దానిని సంబంధ విఘాత ఘటన అనవలెను. ఘటనకు పాల్పడినవారిని కర్త అనియు, నష్టపోయినవారిని భోక్త అనియు వ్యవహరించవలెను. శిక్షలు రద్దు. కర్త, భోక్త, ఉపాధ్యాయులు, గ్రామ ప్రతినిధి ఒకరు నేలపై వలయాకారంలో కూర్చుని మనసులో మాట చెప్పుకొని, అందరి మనసులూ తేలికపడిన మీదటనే లేవవలెను. వలయం నడుపువారు మొదటి ప్రశ్న అడిగి పక్కకు తప్పుకొనవలెను. మాటవస్తువు చేతిలో ఉన్నవారే మాట్లాడవలెను. సదరు వస్తువు స్థానికంగా లభించేదై, గౌరవప్రదమైనదై ఉండవలెను."

గ్రామ ప్రతినిధిగా నన్ను పెట్టారు. "మీకు పనేమీ ఉండదు కదండీ" అన్నారు భాస్కరం గారు. అంత గౌరవంగా నన్నెవరూ ఎప్పుడూ ఏ పదవికీ పిలవలేదు.

మాటవస్తువుగా మా వాళ్ళు కొబ్బరికాయను ఎంచుకున్నారు. మా దగ్గర అంతకంటే స్థానికంగా దొరికేది, అంతకంటే గౌరవమైనది మరొకటి లేదు. గౌరవానికి లోటు రాకూడదని భాస్కరం గారు దానికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, పళ్ళెంలో ఉంచారు. అక్కడే పొరపాటు జరిగింది. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనిషి మండలం అంతా తిరిగి నిత్యం ఏదో ఒకటి ప్రారంభిస్తుంటాడు. వలయం మధ్యకు వచ్చాడు, పళ్ళెంలో బొట్టు పెట్టిన కాయను చూశాడు, రాయి ఏదని సైగ చేశాడు. ఎవరో అందించారు. ఒక్క దెబ్బకు కాయ రెండు సమానమైన చెక్కలుగా పగిలింది. అందరం చప్పట్లు కొట్టాం.

పథకానికి మండల సమన్వయాధికారి లలితప్రసాద్ గారని ఒకాయన. మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు. ఆయన ముఖం తెల్లబోయింది. వలయం మొదలైపోయింది, మాటవస్తువు లేదు. వస్తువు లేనిదే ఎవరూ నోరు విప్పకూడదు. ఇంకో కాయ తెమ్మని చెప్పాలన్నా ఆయన చేతిలో కాయ ఉండాలి. మధ్యాహ్నం అంతా అలా గుండ్రంగా, మౌనంగా కూర్చున్నాం. ఊరికే కూర్చోలేక ఎవరో కొబ్బరి ముక్కలు కోసి పంచారు. చాలాసేపటికి భాస్కరం గారికి ఒక ఆలోచన వచ్చి, తన చేతిలో ముక్కను పైకెత్తి, "ముక్క అయినా వస్తువే కదండీ" అన్నారు. అంతే, ముక్కలు చేతిలో ఉన్నవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. నేను మాత్రం మాట్లాడలేదు. నా ముక్క అప్పటికే తినేశాను.

ఆ మర్నాటి నుంచి పీచు ఒలవని కాయ పెట్టారు. దాన్ని ఏ పెద్దమనిషీ రాతికేసి కొట్టలేడు.

అబద్ధమెందుకు, ఆ కాయతో మొదటి వలయం బ్రహ్మాండంగా జరిగింది. పదో తరగతిలో కడలి ఝాన్సీ అని ఒక పిల్ల ఉంది. మా ఊరి పంటు నడిపే ఏసుబాబు కూతురు. పిల్ల కాదు, పాదరసం. సోషల్ చెప్పే సత్తిరాజు మాస్టారి గొడుగును జెండాకర్రకు కట్టి పైకి లాగేసింది. గాలికి గొడుగు తిరగబడి ఊచ విరిగింది. పాత రోజులైతే ఝాన్సీకి గోడకుర్చీ, మాస్టారికి కొత్త గొడుగు, అక్కడితో సరి.

వలయంలో కాయ సత్తిరాజు మాస్టారి చేతికి వచ్చింది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిమిరారు. "అది మా నాన్నగారి గొడుగమ్మా. ఆయన పోయాక ఇంట్లో ఆయన వస్తువని అదొక్కటే మిగిలింది. పిల్లలకు నవ్వులాటగానే ఉంటుంది. నీకెలా తెలుస్తుందిలే" అన్నారు.

కాయ ఝాన్సీకి వచ్చింది. "నాకు తెల్దు మేస్టారండీ. తెలిస్తే చెయ్యను. ఇంకెప్పుడూ ఎవరి వస్తువూ ముట్టుకోను" అంది. గొడుగు ఇంటికి పట్టుకెళ్ళి, వాళ్ళ నాన్న పంటు ఇంజనుకు వాడే గట్టి తీగతో ఊచ బాగుచేసి తెచ్చింది. ఇప్పుడు ఆ గొడుగు తుపానుకైనా తిరగబడదు. మాస్టారు ఆ పిల్లకు తన టిఫిను బాక్సులోంచి పూతరేకు ఇచ్చారు. నాకు కూడా కళ్ళు చెమర్చాయి. ఈ ప్రభుత్వానికి ఎవరో బుద్ధిమంతుడు సలహా ఇచ్చాడనుకున్నాను.

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. ఆ వలయాన్ని ఫొటో తీసి పథకం వారి యాప్‌లోకి ఎక్కించారు. జిల్లా నుంచి అభినందన వచ్చింది. అభినందన కింద ఒక ప్రశ్న వచ్చింది: మీ తదుపరి ఘటన ఎప్పుడు?

ఘటన ఎక్కడుంది. ఝాన్సీ అన్న మాట మీద నిలబడింది. ఆ పిల్లే మానేశాక మిగిలినవాళ్ళకు చేతకాలేదు. బడి అంతా బుద్ధిగా చదువుకోవడం మొదలుపెట్టింది. యాప్‌లో మా బడి పేరు పక్కన ఎర్రరంగు పడింది. లలితప్రసాద్ గారు జీపులో దిగారు.

"భాస్కరం గారూ, మీ పాఠశాలలో ఘటనల నమోదు శూన్యంగా కనిపిస్తోంది."

"పిల్లలు బుద్ధిగా ఉంటున్నారండి."

"అదే ఆందోళనకరం. ఘటన లేనిదే వలయం లేదు. వలయం లేనిదే సఖ్యత లేదు. మీ పాఠశాలలో సఖ్యత లోపించిందని యాప్ నిర్ధారిస్తోంది."

"ఎవరూ కొట్టుకోవట్లేదు కదండీ."

"కొట్టుకోకుండా కలిసుండడం పాత పద్ధతి. దాన్ని పథకం పరిగణనలోకి తీసుకోదు. పిల్లలు విఘాతాలకు పాల్పడడం లేదంటే మీరు వాళ్ళకు తగిన భావవ్యక్తీకరణ వాతావరణం కల్పించలేదన్నమాట. పై వాళ్ళకు నేనేమని సమాధానం చెప్పను?"

భాస్కరం గారికి ఆ ఏడాది ఇంక్రిమెంటు రావాలి. ఆయన చెడ్డవాడు కాదు. మామూలు మనిషి. ఆ సాయంత్రం ఝాన్సీని వరండాలోకి పిలిచారు. నేను బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాను.

"అమ్మా ఝాన్సీ, ఏదన్నా ఒకటి చెయ్యమ్మా."

"ఏం చెయ్యాలండి?"

"నీకు నేను చెప్పాలా. చిన్నదే. మరీ కష్టపడకు."

"సత్తిరాజు మేస్టారికి మాటిచ్చానండి."

"ఆ మాట తాత్కాలికంగా పక్కన పెడదాం. నేను మాట్లాడతాను ఆయనతో. పోనీ నా స్కూటరు గాలి తీసెయ్. వెనక చక్రం అయితే నీకు వీలుగా ఉంటుంది. గాలి తీశాక ఆ బిరడా మాత్రం జాగ్రత్తగా జేబులో పెట్టుకో."

ఆ పిల్ల నా వంక చూసింది. నేను టీ వంక చూశాను. గాలి తీసింది. మర్నాడు వలయంలో భాస్కరం గారు కాయ పట్టుకుని తన మనసు ఎంత గాయపడిందో చెప్పారు. ఆయన బాగా చెప్పారు. ఒక దశలో ఝాన్సీయే "ఊరుకోండి మేస్టారండీ" అంది. యాప్‌లో ఎరుపు పోయి పసుపు వచ్చింది.

పసుపు చాలదట, ఆకుపచ్చ రావాలట. మిగతా పిల్లలకు కూడా అల్లరి నేర్పాలని చూశారు. మంచి మార్కులు తెచ్చుకునే ఒక కుర్రాణ్ణి ప్రోత్సహిస్తే, వాడు మర్నాడు సెలవుచీటీ పద్ధతిలో ఒక అర్జీ పట్టుకొచ్చాడు. ఈ రోజు మధ్యాహ్నం అల్లరి చేయుటకు అనుమతి ఇప్పించవలసినదిగా ప్రార్థన. కింద తండ్రి సంతకం కూడా ఉంది. వీడి వల్ల కాదని తేలిపోయింది. భారం అంతా ఝాన్సీ మీదే పడింది.

ఆ తర్వాత పై నుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది. వలయంలో భోక్తగా పాల్గొని క్షమించిన ఉపాధ్యాయులకు బదిలీల్లో పాయింట్లు ఇస్తారు. ఇక చూడండి. నష్టపోవడానికి మా టీచర్లు వరస కట్టారు. హిందీ టీచరమ్మ తన హ్యాండుబ్యాగు తెరిచి బల్ల మీద పెట్టి, "నేను లైబ్రరీకి వెళ్తున్నానమ్మా ఝాన్సీ, ఓ గంట దాకా రాను" అని అందరికీ వినపడేలా చెప్పి వెళ్ళేది. సైన్సు మాస్టారు తన టిఫిను బాక్సు మూత తీసి కిటికీలో పెట్టేవారు. "గుత్తొంకాయమ్మా. బాగుంటుంది." డ్రిల్లు మాస్టారు తన విజిలు దొంగిలించమని రెండుసార్లు గుర్తుచేసి, ఆ పిల్లకు తీరిక లేక రాలేకపోతే అలిగి కూర్చున్నారు. తనను నిర్లక్ష్యం చేసి మనసు నొప్పించిందన్నారు. అదీ ఘటనే కదా అని లలితప్రసాద్ గారు ఒప్పుకున్నారు. దాని మీద కూడా వలయం పెట్టారు. చేసిన దానికీ చేయనిదానికీ కలిపి ఝాన్సీ పొద్దస్తమానం కొబ్బరికాయ ఎదురుగానే ఉండేది.

సత్తిరాజు మాస్టారు ఒక్కరే భోక్తగా పేరివ్వలేదు. ఆయన తన గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయేవారు.

మా బడికి ఆకుపచ్చ రంగు వచ్చింది. చుట్టుపక్కల బడులన్నీ ఎర్రగా ఉన్నాయి. చింతలలంక హెడ్మాస్టరు పళ్ళబుట్టతో వచ్చి భాస్కరం గారిని బతిమాలారు. ఉత్తర్వు తయారైంది: ఉప్పుమెరక ఉన్నత పాఠశాలకు చెందిన కర్త, కుమారి కడలి ఝాన్సీని పరిసర పాఠశాలల్లో ఘటనల నిమిత్తం డిప్యుటేషన్‌పై పంపడమైనది. ఆ పిల్లను తీసుకెళ్ళడానికి ఆటో వచ్చేది. ఆటోకు ముందు 'సఖ్యత' అని బ్యానరు. వాళ్ళ బడిలో దిగి, సుద్దముక్కలు నీళ్ళలో వేసో, రిజిస్టరు బీరువా వెనక దాచేసో, వలయంలో కూర్చుని క్షమాపణ చెప్పి, ఇంకో ఊరు వెళ్ళేది. చింతలలంక హెడ్మాస్టరు మా వాళ్ళతో గర్వంగా చెప్పుకున్నాడట, "పిల్ల చేతిలో పనితనం ఉందండీ. మా వాళ్ళు చూసి నవ్వుతున్నారు గానీ నేర్చుకోవట్లేదు" అని.

ఇంతలో జరిగిందేమిటంటే, ఝాన్సీకి లెక్కల క్లాసులు పోయాయి. వలయాలన్నీ లెక్కల పీరియడ్లోనే పెట్టేవారు. లెక్కలు చెప్పే అనంతం మాస్టారు నెమ్మదస్తుడు, ఎవరు ఏ పీరియడు అడిగినా ఇచ్చేసేవాడు. ఈ పిల్లకేమో పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదవాలని కోరిక. వాళ్ళ నాన్న పంటు ఇంజను కాలవ మధ్యలో ఆగిపోయినప్పుడల్లా ఆయన బూతులు తిడుతుంటే, ఈ పిల్ల మూత ఊడదీసి లోపలికి చూస్తుండేది. ఆ సీటు రావాలంటే లెక్కలు రావాలి. త్రికోణమితి మొదలైన రోజున చింతలలంకలో ఉంది. తిరిగి వచ్చేసరికి అనంతం మాస్టారు దాన్ని సగం దాటించేశారు.

ఏసుబాబు పంటు ఒడ్డున కట్టేసి బడికి వచ్చాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పెట్టుకున్నాడు.

"మా అమ్మాయి ఏం తప్పు సేసిందండి మేస్టారూ, రోజూ దాన్ని కూకోబెడతన్నారంట."

"తప్పు అనకూడదు ఏసుబాబూ. ఉత్తర్వు ఉంది."

"సరేనండి. ఆ తప్పు కానిదేదో ఇంకోళ్ళ పిల్లల సేత సేయించుకోండి. దీనికి లెక్కలు రావాలంటండి. పరీచ్చ రాసుకుంటాది."

"రాష్ట్రం నుంచి డైరెక్టరు గారు వస్తున్నారయ్యా. మన వలయం చూడ్డానికే. ఆ ఒక్కటీ గట్టెక్కనీ. ఆ తర్వాత నీ కూతుర్ని ఎవరూ ఏమీ అడగరు. నాదీ పూచీ."

"మీ మాట మీదే ఎల్తన్నానండి" అని ఏసుబాబు వెళ్ళిపోయాడు. అవతలి ఒడ్డున జనం కేకలేస్తున్నారు.

భాస్కరం గారు నిజంగానే ఆ మాట మీద ఉందామనుకున్నారు. కానీ లలితప్రసాద్ గారి లెక్క వేరే ఉంది. ఒకరోజు ఆయన జీపు టైరు గాలి తీసే పని ఝాన్సీకి అప్పగించారు. ఆ పిల్ల జీపు వెనక కూర్చుని పనిలో ఉంది. ముందు సీట్లో ఆయన ఫోను మాట్లాడుతున్నారు.

"అవును సార్. అనుభవం ఉన్న కర్త దొరకడం చాలా కష్టం సార్. రాష్ట్రస్థాయి నమూనా కర్తగా ప్రతిపాదిస్తున్నాం. అన్ని జిల్లాలూ తిప్పుదాం. ఒకటే చిక్కు సార్, ఈ ఏడాది పదో తరగతి. పాసైపోతే పథకానికి చేజారిపోతుంది. ఆ సంగతి నేను చూసుకుంటాను సార్. ఒక సంవత్సరం కొనసాగింపు ఇప్పిస్తే... ఆ పిల్ల భవిష్యత్తుకు కూడా మంచిదే సార్."

ఝాన్సీ తీసిన గాలి మళ్ళీ పంపు తెచ్చి కొట్టేసింది. తర్వాత నా బెంచీ దగ్గరికి వచ్చి పక్కన కూర్చుంది. చేతులకు నల్లటి మడ్డి.

"తాతయ్యా, నన్ను ఫెయిలు చేస్తారంట."

విన్నదంతా చెప్పింది. మడ్డి చేతులు ఒకదానికొకటి రుద్దుకుంటూ అడిగింది.

"వలయంలో కూర్చోబెట్టాలంటే నేను ఏదో ఒకటి చెయ్యాలి కదా?"

"చెయ్యాలి మరి. లేకపోతే కర్త ఎక్కడుంటుంది?"

"చెయ్యమన్నప్పుడు చెయ్యకపోతే?"

"డ్రిల్లు మాస్టారికి చేసినట్టే అది కూడా ఘటన అంటారే."

"అంటే అననీ తాతయ్యా. డైరెక్టరు గారి ముందర అనమను" అంది. ముఖంలో పాత ఝాన్సీ కాస్త కనిపించింది. గొడుగు జెండాకర్రకు కట్టిన నాటి ముఖం అది.

డైరెక్టరు గారు వచ్చే రోజు షామియానా వేశారు. మాటవస్తువుకు పట్టుగుడ్డ చుట్టారు. ఏర్పాటు ఏమిటంటే, డైరెక్టరు గారికి దండ వేసే సమయానికి ఝాన్సీ ఆ దండ ఎత్తుకుని పారిపోవాలి. ఆ దండ భాస్కరం గారు స్వయంగా కట్టించారు కాబట్టి ఆయన భోక్త. మనసు గాయపడాలి. గాయపడడం ఆయన నాలుగు రోజుల నుంచి ఇంట్లో అభ్యాసం చేస్తున్నారని వాళ్ళావిడ మా ఇంట్లో చెప్పింది.

డైరెక్టరు గారు దిగారు. ఖద్దరు చొక్కా, మెత్తటి చెప్పులు, మెత్తటి గొంతు. భాస్కరం గారు పళ్ళెంలో దండతో నిలబడ్డారు. నిలబడ్డారు. ఇంకా నిలబడ్డారు. దండను ఎవరూ ఎత్తుకుపోలేదు. గత్యంతరం లేక ఆయన దాన్ని డైరెక్టరు గారి మెళ్ళో వేసేశారు.

"కర్త ఏదీ?" అన్నారు లలితప్రసాద్ గారు, పెదవులు కదపకుండా.

కర్త పదో తరగతి గదిలో ముందు బెంచీలో కూర్చుని ఉంది. పంటు మీంచి చూసి తాటిచెట్టు ఎత్తు కనుక్కునే లెక్కను అనంతం మాస్టారు బోర్డు మీద వేస్తున్నారు. భాస్కరం గారు ద్వారం దగ్గర నిలబడి చేతులు జోడించినంత పని చేశారు.

"అమ్మా, ఒక్కసారి రా. దండ అక్కడే ఉంది. ఆయన మెళ్ళోంచి లాగినా ఫర్వాలేదు."

"నేనేం చెయ్యనండి మేస్టారూ. లెక్క మధ్యలో ఉన్నాను."

"నా మనసు నొప్పిస్తున్నావమ్మా."

"అయితే వలయం పెట్టండి మేస్టారూ. నా తప్పేంటని డైరెక్టరు గారు అడిగితే, లెక్కల క్లాసులో కూర్చున్నానని చెబుతాను."

భాస్కరం గారు వెనక్కి వచ్చేశారు. డైరెక్టరు గారు అప్పటికే వలయంలో కూర్చుని, మోకాళ్ళు నొప్పి పుట్టి, ఘటన కోసం చూస్తున్నారు. కాయ పట్టుగుడ్డలో మధ్యన ఉంది.

లలితప్రసాద్ గారు కాయ అందుకున్నారు. "ఈ పాఠశాల ప్రధానోపాధ్యాయులు కర్తను సకాలంలో సిద్ధం చేయలేకపోయారని తెలియజేయడానికి చింతిస్తున్నాను" అన్నారు.

భాస్కరం గారికి మాట్లాడాలంటే కాయ కావాలి. చెయ్యి చాచారు. లలితప్రసాద్ గారు ఇంకా ముగించలేదు, వదల్లేదు. ఈయన ఒక పక్క లాగారు, ఆయన ఇంకో పక్క లాగారు. ఇద్దరి నోళ్ళూ మూసే ఉన్నాయి, నియమం నియమమే. పట్టుగుడ్డ జారింది. పీచు ఒలవని కాయ ఎగిరి, సరిగ్గా డైరెక్టరు గారి బొటనవేలి మీద పడింది.

డైరెక్టరు గారు ఒక మాట అన్నారు. అది ఇక్కడ రాయలేను. కాలవ మధ్యలో పంటు ఆగిపోయింది, అంత మటుకు చెప్పగలను.

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. లలితప్రసాద్ గారి కళ్ళలో నెమ్మదిగా వెలుగు వచ్చింది. దెబ్బ తగిలింది. తగిలించినవాళ్ళున్నారు. తగిలినవాడున్నాడు. తిట్టినవాడు, తిట్టించుకున్నవాళ్ళు ఉన్నారు. ఇంత నిఖార్సయిన ఘటన రాష్ట్రంలో ఎక్కడా జరిగి ఉండదు.

"వలయం నడపడానికి అనుభవం ఉన్నవారు కావాలి" అన్నారు డైరెక్టరు గారు, బొటనవేలు పట్టుకుని. మాటవస్తువు ఆయన ఒళ్ళోనే ఉంది.

అనుభవం ఉన్నది ఒక్కరే. ఝాన్సీని పిలిచారు. ఆ పిల్ల వచ్చింది, లెక్కల పుస్తకంలో వేలు పెట్టుకుని. వలయం చుట్టూ ఒకసారి చూసింది. కాయ తీసుకుంది.

"ఏం జరిగిందో, మీ మనసుకు ఏం అనిపించిందో చెప్పండి సార్. దాచుకోకండి. అందరి మనసులూ తేలికపడేదాకా ఎవరూ లేవకూడదు" అంది. మాటలన్నీ తనకు నోటికొచ్చినవే. కాయను డైరెక్టరు గారి చేతుల్లో పెట్టి, "నడిపేవాళ్ళు మొదటి ప్రశ్న అడిగి పక్కకు తప్పుకోవాలని ఉత్తర్వులో ఉందండి" అని గదిలోకి వెళ్ళిపోయింది. నిజమే, ఉంది. భాస్కరం గారే అసెంబ్లీలో చదివారు.

డైరెక్టరు గారు బొటనవేలితో మొదలుపెట్టారు. బొటనవేలు మీంచి తన మొన్నటి బదిలీ మీదికి వెళ్ళారు. ఆ బదిలీ చేయించిన పై అధికారి మీదికి వెళ్ళారు. గొంతులో మెత్తదనం పోయింది. కాయ లలితప్రసాద్ గారికి వస్తే ఆయన పాసు కాని తన ట్రావెలింగు బిల్లుల గురించి కన్నీళ్ళు పెట్టుకున్నారు. భాస్కరం గారు తనను ఇంక్రిమెంటు కోసం ఎవరెవరు ఎన్నెన్ని మాటలన్నారో చెప్పారు. ఏ మనసూ తేలికపడలేదు సరికదా, ఇంకొకరి మనసు బరువెక్కింది. నష్టపోయినవారినీ నష్టపెట్టినవారినీ అందరినీ పిలవాలని నియమం ఉంది. బదిలీ చేసిన పై అధికారిని కబురు పెట్టి రప్పించారు. ఆయన వచ్చి కూర్చుని తనను నొప్పించినవారి పేర్లు చెప్పాడు. వాళ్ళనూ పిలిచారు. బిల్లులు ఆపిన ట్రెజరీ వాళ్ళు వచ్చారు. సాయంత్రానికి వలయం ఖోఖో కోర్టు దాటింది.

నేను గ్రామ ప్రతినిధిని, లేవకూడదు. కానీ చిన్నప్పుడు నేర్చుకున్న విద్య ఎక్కడికి పోతుంది. చిటికెన వేలు చూపించాను. ఒంటికి వెళ్ళడానికి మాటవస్తువు అక్కర్లేదు. అలా వెళ్ళినవాణ్ణి మళ్ళీ వలయంలో కూర్చోలేదు.

వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. నమ్మకపోతే పంటు ఎక్కి రండి, చూపిస్తాను. మధ్యాహ్న భోజనం బడి పిల్లలతో పాటే వాళ్ళకూ పెడుతున్నారు. సంతకాలకు ఫైళ్ళు షామియానా కిందికే వస్తాయి. ఆఫీసు పని ఏదీ ఆగలేదట, పట్నంలో ఎవరికీ తేడా కూడా తెలియలేదట. అధికారులంతా వలయంలో ఉండడంతో బడిలో యాప్ గురించి అడిగేవారు లేరు. గంట కొట్టే వేళకు గంట కొడుతున్నారు. అనంతం మాస్టారు పీరియడ్లు ఎవరూ అడగడం లేదు. త్రికోణమితి పూర్తయి గణాంకాలు నడుస్తున్నాయి.

నిన్న నేను అటు వెళ్ళేసరికి ఇంటర్వెల్లు. కొబ్బరికాయకు మొలక వచ్చింది. అంత కాలం చేతులు మారింది మరి, చేతుల చెమటకు పీచు తడిసి ఉంటుంది. పచ్చటి మొలక జానెడు పొడుగుంది. అది విరక్కుండా ఒకరి చేతిలోంచి ఒకరు పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుంటున్నారు. అప్పుడు కాయ డైరెక్టరు గారి దగ్గర ఉంది. ఆయనకు గడ్డం పెరిగింది. వరండాలో పోతున్న ఝాన్సీని పిలిచారు. ఆయన పక్కనే భాస్కరం గారు, లలితప్రసాద్ గారు ఆశగా ముందుకు వంగారు.

"అమ్మా, ఝాన్సీ. ఒక్క చిన్న సాయం చెయ్యి తల్లీ. ఈ కాయ లాక్కుని పారిపో. వస్తువు పోయిందని రాసి వలయం రద్దు చేయిస్తాను. మేం ఇళ్ళకు వెళ్ళిపోతాం. నీ మీద ఏ చర్యా ఉండదు. నీకు సర్టిఫికెట్ ఇప్పిస్తాను."

ఝాన్సీ ఆగింది. చేతిలో జామెట్రీ పెట్టె ఉంది. మొలకను ఒకసారి దగ్గరగా చూసి, దానికి నీళ్ళు చాలడం లేదనుకుందో ఏమో, తన సీసాలో నీళ్ళు కాసిని పీచు మీద పోసింది. భాస్కరం గారి వంక చూసి నవ్వింది. గంట కొట్టారు.

"కుదరదండి సార్. నాకు లెక్కల క్లాసుంది" అని వెళ్ళిపోయింది.